దాత పేరు లేని టికెట్

పల్లెటూరి గుడికి ట్యూబులైటు ఇచ్చినవాడు కూడా దాని మీద తన పేరు రాయించుకుంటాడు, వెలుతురు సగం తగ్గినా సరే. రైల్వేకి ఆ మర్యాద తెలియదు. మీ ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే మీ దగ్గర వసూలు చేస్తున్నామని టికెట్ల మీద అచ్చువేసింది గానీ, మిగతాది ఎవరి పుణ్యమో ఒక్క ముక్క రాయలేదు.

ముఖ్యదాత బొగ్గు. రైల్వే ఆదాయంలో దాదాపు మూడింట రెండొంతులు సరుకు రవాణాదే, ఆ సరుకు బరువులో సగం దాకా బొగ్గే.

దాన్నే ఎందుకు పట్టుకున్నారంటే, పారిపోలేదు కాబట్టి. ప్రతి సరుకుకూ ఒక క్లాసు ఉంటుంది. 100వ క్లాసుకు రూపాయి అయితే, అదే బరువుకి అదే దూరానికి 150వ క్లాసుకు రూపాయిన్నర. ఏది ఏ క్లాసో రైల్వే వారే తేలుస్తారు. ఛార్జీ మోత తట్టుకోలేక కాళ్లున్న సరుకులు, అంటే బట్టలూ సబ్బులూ బిస్కెట్లూ, ఎప్పుడో లారీ ఎక్కేశాయి. 1950-51లో దేశంలోని సరుకు రవాణాలో 80 శాతానికి పైగా రైలుదే, ఇప్పుడు మూడో వంతు కూడా లేదు. బొగ్గు ఎక్కడికి పోతుంది? రేకుకి, అంటే ఒక పూర్తి గూడ్సు బండికి, నాలుగు వేల టన్నులకు అటూఇటూ ఉంటుంది. లారీకి 25 టన్నుల లెక్కన 160 లారీలు కావాలి, అదీ ఒక్క రేకుకి.

సింగరేణి బొగ్గు ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రానికి చేరేసరికి ఆ కిరాయి అంతా యూనిట్ ధరలో కలుస్తుంది. టికెట్‌లో మిగిలింది కరెంటు బిల్లులో పోతుంది. జన్మలో రైలెక్కనివాడు కూడా ఫ్యాను స్విచ్ వేస్తే చందా కట్టినట్టే. చీకట్లో చేసే దానం గొప్పదంటారు, ఇది వెలుతుర్లోనే జరుగుతోంది.

ఇక డెమరేజి, అంటే వ్యాగన్లు ఆలస్యంగా ఖాళీ చేస్తే వేసే జరిమానా. రేకు ఖాళీ చేయడానికి కొంత ఉచిత సమయం ఇస్తారు. అది దాటితే వ్యాగనుకు గంటకి 150 రూపాయలు, పది నిమిషాలు దాటినా గంట కిందే లెక్క. వానాకాలం చూడాలి సంబరం. తడిసిన బొగ్గు వ్యాగను అడుగున బంకమట్టిలా పట్టేస్తుంది. టిప్లర్ అనే యంత్రం వ్యాగనును ఎత్తి బోర్లించినా పూర్తిగా రాలదు. రాలిన పెద్ద గడ్డలు కింద ఇనప జల్లెడ మీద ఇరుక్కుంటాయి, సుత్తులూ గునపాలూ పట్టుకుని మనుషులు దిగాలి. 59 వ్యాగన్ల రేకులో 58 ఖాళీ అయి 59వది మొండికేసిందనుకోండి. మీటరు ఆ ఒక్కదానికే తిరగదు, మొత్తం గుంపుకీ తిరుగుతుంది: గంటకి 8,850 రూపాయలు. మాఫీ కావాలంటే పది రోజుల్లోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వినేది రైల్వే అధికారులే.

అదే రేకు దారిలో ఎక్స్‌ప్రెస్‌లకి దండం పెడుతూ పక్కనున్న లూప్ లైన్లో పూటంతా నిలబడిందా? దాన్ని డెమరేజి అనకూడదు. అది ‘ఆపరేటింగ్ కారణం’. దానికి మీటరు లేదు.

అన్యాయం అనిపిస్తే చెప్పుకోవడానికి చెన్నైలో రైల్వే రేట్స్ ట్రిబ్యునల్ ఉండేది, 2017లో దాన్ని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కలిపేశారు. 1989 రైల్వే చట్టం 37వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ సరుకుల క్లాసు జోలికి పోరాదు. డెమరేజి, వార్ఫేజి (గడువులోగా సరుకు తీసుకెళ్లకపోతే వేసే రుసుము) ముట్టరాదు. ప్రయాణికుల ఛార్జీల ఊసెత్తరాదు. పెళ్లికి తప్పక రండి, భోజనాల వైపు మాత్రం వెళ్లకండి అన్నట్టు. కరెంటు రేట్లు ఖరారు చేయాలంటే నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టి రైతుల చేత చీవాట్లు తింటుంది. ఆ కరెంటులో దాగిన రైలు కిరాయికి మాత్రం విచారణా లేదు, చీవాట్లూ లేవు. రైల్ డెవలప్‌మెంట్ అథారిటీ అని ఒకదానికి 2017 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం పచ్చజెండా ఊపింది, అదీ ఛార్జీల మీద సలహాలు చెప్పడానికే. ఆ బండి ఇంకా అవుటర్లోనే ఉంది.

ఈలోగా చిన్న విన్నపం. బిల్లు మీద చోటు లేకపోతే, ఇంట్లో ట్యూబులైటు మీదైనా రాయించండి: ‘ఈ వెలుగులో కొంత భాగం ప్యాసింజర్ బండికి విరాళం’.