నల్లగా నిగనిగలాడితే మంచి పెల్లెట్ అట!

గుంటూరు, విజయవాడ టిఫిన్ హోటళ్ల వాళ్ల, క్యాటరింగ్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గ్యాస్‌కు బదులు పొట్టు గుళికలతో మండే పెల్లెట్ పొయ్యి పెట్టుకునేవాళ్లు తప్పక చదవాలట. నల్లగా నిగనిగలాడే పెల్లెట్టే మంచిదట. ఊకదైనా చెక్కదైనా మంట ఒకటే కాబట్టి చవగ్గా దొరికేది కొనుక్కోవచ్చట. పాతిక కిలోల బస్తా ఒక గ్యాస్ సిలిండర్‌తో సమానమట. నీళ్లలో వేస్తే మునిగేది అసలైన చెక్కట. పొగ రాదు కాబట్టి గది మూసుకున్నా ఫర్వాలేదట. బస్తాలు నేల మీద పెట్టొద్దని ఒక జాగ్రత్త కూడా చెప్పి, పది మందికి పంపమని ముగించారు. పంపేవాళ్లు పంపుతూనే ఉన్నారు. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు రంగు సంగతి. పెల్లెట్ అంటే ఎండిన పొట్టును చిల్లులున్న ఉక్కు అచ్చులోంచి గట్టిగా నొక్కి తీసిన గుళిక. ఆ ఒత్తిడికి పుట్టే వేడికి చెక్కలోనే ఉండే లిగ్నిన్ మెత్తబడి బంకలా పట్టుకుంటుంది. నిగనిగ అక్కడిదే. గుళిక గట్టిగా వచ్చిందని అది చెబుతుందేమో గానీ, లోపల ఏముందో చెప్పదు. నలుపైతే అసలు నమ్మకూడదు. అచ్చు మరీ వేడెక్కినా నల్లబడుతుంది, బెరడు ఎక్కువ కలిసినా నల్లబడుతుంది. బెరడు కలిస్తే బూడిద పెరుగుతుంది. రోళ్లు పగిలే ఎండల ఊళ్లో ఉండే మనకు ఇల్లు వెచ్చబెట్టుకునే పనిలేదు గానీ, యూరప్‌లో చలికాలం చాలా ఇళ్లలో ఈ గుళికలు కాలుస్తారు. అక్కడ ఎన్‌ప్లస్ అనే ధ్రువీకరణ ఉంది. అందులో ఏ1, అంటే మేలు రకం అనిపించుకోవాలంటే బూడిద 0.7 శాతం, తేమ 10 శాతం మించకూడదు. పొడవు 40 మిల్లీమీటర్లు దాటకూడదు, లేకపోతే పొయ్యిలోకి జారే దారిలో అడ్డం పడి ఇరుక్కుంటాయి. రంగు ఎలా ఉండాలన్న షరతు మాత్రం ఎక్కడా లేదు.

‘ఊకదైనా చెక్కదైనా ఒకటే’ అన్న మాట దగ్గరే మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. మన జిల్లాల్లో రైస్ మిల్లులకు కొదవలేదు, ఊకకూ కొదవలేదు, అందుకే ఆ పెల్లెట్ చవక. కానీ వరి ఊకను కాలిస్తే పదిహేను నుంచి ఇరవై శాతం దాకా బూడిదే మిగులుతుంది. యాభై కిలోలు కాలిస్తే ఏడెనిమిది కిలోల నుంచి పది కిలోల దాకా అన్నమాట. అదే ఏ1 రకం చెక్క పెల్లెట్ అయితే ఆ యాభై కిలోలకూ మిగిలేది మహా అయితే 350 గ్రాములు. మిగతా బూడిదంతా మీరు డబ్బులిచ్చి కొన్నదే. పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు రద్దీలో మంట తగ్గితే, కుర్రాడు పొయ్యి అడుగు గీక్కుంటూ కూర్చుంటాడు, బయట ఆర్డర్లు కేకలు పెడుతుంటాయి. పత్తి కట్టె, మిర్చి కట్టెలతో చేసినవాటిది ఇంకో తలనొప్పి. పంట వ్యర్థాల్లో పొటాషియం, క్లోరిన్ చెక్కలో కంటే ఎక్కువ. పొటాషియం వల్ల బూడిద కరిగి, చల్లారాక రాళ్లలా గడ్డకట్టి గాలి రంధ్రాలను మూసేస్తుంది. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లు దాన్నే క్లింకర్ అంటారు. క్లోరిన్ ఇనుమును తినేస్తుంది. పెద్ద ఫ్యాక్టరీ బాయిలర్లు వీటికి తగ్గట్టు కట్టినవి కాబట్టి తట్టుకుంటాయి. అరండల్‌పేట సందులో ఉన్న మీ హోటల్ పొయ్యి తట్టుకోదు. సామిల్లు పొట్టుతోనో, సుబాబుల్, సరుగుడు కర్రతోనో చేసినది దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే నయం అని నా అభిప్రాయం.

అమ్మేవాడి మాట మీద ఆధారపడక్కర్లేదు. కిలో పెల్లెట్లు తూచి, ఇనప మూకుట్లో బొగ్గు నలుపు పూర్తిగా పోయేదాకా కాల్చి, మిగిలిన బూడిదను తూచండి. పది గ్రాముల లోపైతే కళ్లకద్దుకుని కొనండి. వంద గ్రాములు దాటిందంటే ‘ప్యూర్ వుడ్’ అని బస్తా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా అందులో ఊకో మట్టో ఉన్నట్టే లెక్క. ఇంకో పని, బస్తా పైన కాదు, అడుగున చెయ్యి పెట్టి చూడండి. పిడికిట్లోకి గుళికలకు బదులు పొడి వస్తే వదిలేయండి. ఆ పొడి పొయ్యిలో గాలి ఆడకుండా అడ్డుకుంటుంది, అప్పుడు మొదలవుతుంది పొగ.

పాతిక కిలోలకు ఒక సిలిండర్ అన్న లెక్క ఎవరు కట్టారో గానీ, హోటల్ వాళ్లు వాడే సిలిండర్లో 19 కిలోల గ్యాస్ ఉంటుంది. కిలో గ్యాస్‌లో సుమారు 11,000 కిలోకేలరీల వేడి ఉంటే, మంచి చెక్క పెల్లెట్‌లో 4,000 దగ్గర ఉంటుంది. వేడికి వేడి చూసుకున్నా యాభై కిలోల పైమాటే. ఆ వేడిని గిన్నెకు అందించడంలో పెల్లెట్ పొయ్యి మామూలుగా గ్యాస్ పొయ్యి కంటే వెనకే. గిరాకీ లేనప్పుడు గ్యాస్ ఆపేయొచ్చు, ఇక్కడ పడిన పెల్లెట్ కాలాల్సిందే. అందుకని పెల్లెట్ దండగ అనడం లేదు. మీరు కొనే ధరకు అరవై, డెబ్బై కిలోలు ఎంతవుతుందో చూసి సిలిండర్ ధర పక్కన పెట్టుకోండి. లాభం ఉంటే అక్కడే కనిపిస్తుంది.

నీళ్ల పరీక్ష విషయంలో చూడాల్సింది వదిలేసి ఇంకేదో చూడమంటున్నారు. గట్టిగా నొక్కినది ఏదైనా మునుగుతుంది. ఊక మునుగుతుంది, ప్లైవుడ్ పొడి కూడా మునుగుతుంది. ప్లైవుడ్‌లో ఫార్మాల్డిహైడ్ అనే విషరసాయనంతో చేసిన జిగురు ఉంటుంది కాబట్టి వంట పొయ్యిలో అది అసలు ఉండకూడదు. గుళికను విరిచినప్పుడు చెక్క వాసన కాకుండా జిగురు, పెయింటు ఘాటు కొడితే ఆ సరుకు వద్దు. గ్లాసు నీళ్లలో వేసిన గుళిక కాసేపటికి ఉబ్బి పొట్టుగా విడిపోతుంది, అది సహజం. అప్పుడు కలిపి, కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక పేరుకుంటే మట్టి కలిసిందని, పసుపు రంగు ఊక తునకలు కనిపిస్తే ఊక కలిసిందని తెలిసిపోతుంది.

ఇక గది మూసుకోవచ్చన్న మాట. మిగతావాటితో డబ్బులు పోతాయి, దీనితో మనిషే పోతాడు. పొగ కనిపించనంత మాత్రాన విషవాయువు లేనట్టు కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ముసురు పట్టిందని షట్టర్ దించి, ఆరీ ఆరని పొయ్యి పక్కనే వంటవాళ్లు పడుకోవడం మన దగ్గర మామూలే. మండే పొయ్యి కంటే నిప్పులు మిగిలి మగ్గే పొయ్యి ఈ విషయంలో ఇంకా ప్రమాదం. కాల్చకుండా నిల్వ ఉంచిన చెక్క పెల్లెట్ల నుంచి కూడా ఈ వాయువు కొద్దికొద్దిగా వస్తుంది. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో పెల్లెట్లు తెచ్చిన ఓడలో ఒక మనిషి ఇలాగే చనిపోయాడు. నాలుగు బస్తాలతో అంత ముప్పు రాదు గానీ, గాలి ఆడని సెల్లార్‌లో టన్నుల కొద్దీ నింపేవాళ్లు ఆలోచించుకోవాలి. పొయ్యికి గొట్టం, గదికి ఎదురెదురు కిటికీలు ఉండాల్సిందే.

బస్తాలు నేల మీద పెట్టొద్దన్న ముక్క ఒక్కటే నిజం. కింద చెక్క పలకలు వేసి, గోడకు జానెడు ఎడం వదిలి పేర్చుకోండి. తుపాను రోజుల్లో గచ్చు చెమ్మ లాగిందంటే అడుగు వరుస ఉబ్బి పొట్టైపోతుంది. తర్వాత ఎండలో ఆరబెట్టినా అది మళ్లీ గుళిక కాదు.