ఒక్క దేవుడు, ఒక్కడే భక్తుడు

తొలి ఏకేశ్వరవాది ఎవరన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈజిప్టు ఫారో అఖెనాటెన్ పేరు వినిపిస్తుంది. పూజారుల పెత్తనాన్ని కూల్చిన సంస్కర్తగా ఆయనను కీర్తించేవారికీ కొదవ లేదు. ఆయన రాజధాని శిథిలాలు మాత్రం ఆ కీర్తనకు వంత పాడవు.

క్రీ.పూ. 1353 ప్రాంతంలో నాలుగో అమెన్‌హోటెప్‌గా గద్దెనెక్కిన ఆయన, ఐదో ఏడు వచ్చేసరికి పేరు మార్చుకున్నాడు. అమున్ దేవుడి నగరమైన థీబ్స్‌ను కాదని, నైలు ఒడ్డున ఖాళీ నేలపై కొత్త రాజధాని కట్టించాడు. నేటి అమర్నా అదే. ఇక సూర్యబింబమైన ఆటెన్‌కే రాజపూజలు. అమున్ పేరును గోడలపై ఉలితో చెరిపించాడు; కన్నతండ్రి పేరులో ఉన్నా వదల్లేదు.

అయితే ఆటెన్ కిరణాల చివర ఉండే చేతులు ప్రాణచిహ్నాన్ని అందించేది ఎవరికి? రాజుకూ రాణి నెఫెర్టితికీ. నీ కుమారుడు తప్ప నిన్నెరిగినవారు లేరని ఆటెన్ స్తోత్రమే చెబుతుంది. ఆ కుమారుడు ఫారోనే. పూజారుల దళారీతనం పోయింది నిజమే, దాని స్థానంలో రాజు ఒక్కడి దళారీతనం వచ్చింది. మరి జనానికి మిగిలిందేమిటి? ఏటా థీబ్స్‌లోని కర్నాక్ గుడి నుంచి లక్సర్ గుడికి అమున్ పడవలో ఊరేగే ఒపెట్ ఉత్సవం లేదు. చనిపోయినవారికి దిక్కయిన ఒసిరిస్ ప్రస్తావనా అడుగంటింది. అమర్నా శ్రామికుల ఇళ్లలో మాత్రం ప్రసవాలను కాచే బెస్, తావెరెట్ దేవతల తాయెత్తులు దొరికాయి. రాజాజ్ఞ పురిటిగది దాకా వెళ్లలేదన్నమాట. ఆ నగర శ్మశానంలోని ఎముకల్లో పోషకాహార లోపం, మోయలేని చాకిరీ జాడలున్నాయి.

మతం పిచ్చిలో సామ్రాజ్యాన్ని పోగొట్టాడన్న ఆరోపణను నేను పూర్తిగా ఒప్పుకోను. 1887లో బయటపడిన అమర్నా లేఖల్లో, అంటే ఫారోల దౌత్య ఉత్తరాల్లో, సైన్యం పంపమని సామంత నగరం బిబ్లోస్ పాలకుడు రిబ్-హద్దా మొరపెట్టుకున్న మాట వాస్తవం. కానీ సామంతుల ఫిర్యాదులు అఖెనాటెన్ తండ్రి కాలం నుంచే ఉన్నాయి. అసలు దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఆలయమంటే ఆనాడు పొలాలు, ధాన్యపు కొట్లు, కార్ఖానాలు. వాటి రాబడి ఆటెన్‌కు మళ్లింది. దేశమంతటా గుళ్లు పాడుబడ్డాయని, దేవతలు ముఖం తిప్పుకున్నారని తర్వాత గద్దెనెక్కిన టుటన్‌ఖామున్ శాసనం వాపోతుంది. కొత్త ప్రభుత్వం పాతదాన్ని తిట్టే ధోరణిని అందులోంచి కొంత తీసేసి చదవాలి లెండి.

అఖెనాటెన్ పదిహేడేళ్లు ఏలి కన్నుమూశాక సంస్కరణను నిలబెట్టే వర్గమే లేకపోయింది. టుటన్‌ఖాటెన్ తన పేరులోని ఆటెన్‌ను తీసి అమున్‌ను చేర్చుకుని టుటన్‌ఖామున్ అయ్యాడు. తర్వాత ఫారో అయిన హోరెమ్‌హెబ్ ఆటెన్ ఆలయాల రాళ్లను తన గోపురద్వారాల్లో పూడ్చాడు. ఆ తర్వాతి ఫారో మొదటి సేతి అబిడోస్‌ ఆలయంలో చెక్కించిన రాజుల జాబితాలో అఖెనాటెన్ పేరే లేదు. అమున్ ఆలయం మాత్రం మళ్లీ బలిసింది. క్రీ.పూ. 1080 ప్రాంతానికి ప్రధాన పూజారి హెరిహోర్ కర్నాక్‌లో తన పేరును ఫారోల పేర్లకు వాడే రాజముద్రలోనే చెక్కించుకున్నాడు.