టీవీ ముందు ఫోను పెడితే లైవ్ తర్జుమా అయిపోదు

ఇంగ్లీషులో వచ్చే లైవ్ వీడియోకి అప్పటికప్పుడు తెలుగు చెప్పించడం పైసా ఖర్చు లేని పని అంటూ ఒక మెసేజ్ నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. రొయ్యల రైతుల గ్రూపుల్లో ఉంది, టీచర్ల గ్రూపుల్లోనూ ఉంది. అందులో చెప్పింది ఇది: టీవీ ముందు ఒక ఫోను పెడితే శబ్దం అదే పట్టుకుంటుంది. తర్జుమా చేసే మనిషి ఇంట్లో కూర్చుని తన ఫోనులో అదే లైవ్ చూస్తూ బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో మాట్లాడొచ్చు, తేడా రెండు సెకన్లే. శబ్దాలు కలిపే మిక్సర్ ఉంటే, ఒక కొస రెండుగా చీలిన వై కేబుల్‌తో అన్నీ కలిపేయొచ్చు. ఇంగ్లీషు శబ్దాన్ని సగానికి తగ్గిస్తే సరిపోతుంది. ఎంతసేపైనా ఒక్క మనిషి చాలు.

లక్షలు అక్కర్లేదన్నంత వరకు నిజమే. మిగతాది నమ్మి సభ పెడితే నష్టపోయేది వినడానికి వచ్చినవాళ్లు. ఎకరాకి ఎంత మేత, ఎంత సున్నం అని వినడానికి ఇందుకూరుపేట నుంచో విడవలూరు నుంచో పని మానుకుని వచ్చిన రైతుకి తప్పు అంకె చేరడం చిన్న విషయం కాదు.

ముందు ఆ రెండు సెకన్ల సంగతి. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు నెల్లూరులో మిద్దె మీద నిలబడి, చేతిలో ఫోను పెట్టుకుని చూసినవాళ్లకి ఇది తెలుసు: ఆకాశంలో నిప్పు ముందు నడుస్తుంది, ఫోనులో బొమ్మ వెనక వస్తుంది. యూట్యూబ్ లైవ్‌లో నార్మల్, లో, అల్ట్రా లో అని మూడు లేటెన్సీలు (ఆలస్యం సెట్టింగులు) ఉన్నాయి. అల్ట్రా లో పెడితే చాలామందికి 5 సెకన్ల లోపు, లో పెడితే 10 సెకన్ల లోపు ఆలస్యం ఉంటుంది. నార్మల్‌లో అంతకన్నా ఎక్కువ. ఏది పెట్టాలన్నది ప్రసారం చేసేవాళ్ల చేతిలో ఉంది, చూసే మన చేతిలో లేదు.

ఆలస్యం ఉన్నా పని నడుస్తుంది. పనిని చెడగొట్టేది రెండు పరికరాల మధ్య తేడా. ఒక్కో ఫోను తన నెట్‌ను బట్టి ఒక్కోలా బఫర్ చేసుకుంటుంది, అంటే కాస్త వీడియో ముందే దాచుకుని ఆడిస్తుంది. హాల్లో తెర ఒక చోట, తర్జుమా చేసే ఆయన ఫోను ఇంకో చోట ఉంటే, తెర మీద గ్రాఫు రాకముందే దాని గురించి తెలుగులో వినపడొచ్చు, స్లైడు మారిపోయాక పాత స్లైడు మాటలూ రావొచ్చు. అందుకే తెరకీ తర్జుమా చేసే ఆయన చెవికీ ఒకే లాప్‌టాప్ నుంచి వెళ్లాలి. ఆయన దూరాన ఉండక తప్పకపోతే ఆ లాప్‌టాప్ తెరనే జూమ్‌లో షేర్ చేసి, షేర్ సౌండ్ టిక్ పెట్టండి.

టీవీ ముందు పెట్టిన ఫోను మైకు స్పీకరు శబ్దంతో పాటు గది గోడల ప్రతిధ్వనినీ, ఫ్యాన్ల రొదనూ, జనం మాటలనూ తీసుకుంటుంది. హాలు మైకుసెట్టులో తెలుగు కూడా వినిపిస్తుంటే దాన్నీ పట్టి తర్జుమా చేసే మనిషి చెవికే తిరిగి పంపుతుంది. తన గొంతే అర సెకను ఆలస్యంగా చెవిలో పడితే ఎంత అనుభవమున్న మనిషికైనా నాలుక తడబడుతుంది. అలవాటు చేసుకుంటే పోయేది కాదిది.

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇక్కడే ఉంది. తర్జుమా చేసే మనిషి చెవికి ఇంగ్లీషు శుభ్రంగా అందాలి, తన గొంతు ఆలస్యంగా తిరిగి రాకూడదు. మిక్సర్‌లో ఇది సులువు. లాప్‌టాప్ శబ్దం ఒకటో ఛానల్, తర్జుమా మైకు రెండో ఛానల్. ఆక్స్ 1లో (హాలుకి కాకుండా విడిగా శబ్దం పంపే దారి) ఒకటో ఛానల్ నాబ్ మాత్రమే తెరిచి, ఆ ఆక్స్ ఔట్‌ని హెడ్‌ఫోన్ ఆంప్‌కి, అక్కడి నుంచి ఆయన హెడ్‌ఫోన్‌కి ఇవ్వండి. రెండో ఛానల్ ఆక్స్ నాబ్ సున్నాలో ఉండాలి. అయితే ఆ ఆక్స్ ప్రీ ఫేడర్ అయి ఉండాలి, అంటే ఛానల్ ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) కదిపినా ఆక్స్ శబ్దం మారకూడదు. చిన్న మిక్సర్లలో చాలావాటికి ఎఫ్ఎక్స్ అని రాసిన ఒక్క ఆక్స్ మాత్రమే ఉంటుంది, అది సాధారణంగా పోస్ట్ ఫేడర్. హాల్లో ఇంగ్లీషు తగ్గిద్దామని ఫేడర్ దించగానే తర్జుమా చేసే ఆయన చెవిలోనూ ఇంగ్లీషు తగ్గిపోతుంది, ఆయన ఆగిపోతాడు. ప్రీ (PRE) బటన్ గానీ మాన్ (MON) అనే అక్షరాలు గానీ ఉన్నాయేమో కొనే ముందే చూడండి.

మిక్సర్ లేకుండా నెట్‌లోకి మాత్రమే పంపేవాళ్లకి రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునీ హెడ్‌ఫోన్‌నీ లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) చాలు. డైనమిక్ మైకు ఒకటో ఇన్‌పుట్‌లో, హెడ్‌ఫోన్ ఇంటర్‌ఫేస్‌లోనే, డైరెక్ట్ మానిటర్ (మైకు శబ్దాన్ని నేరుగా హెడ్‌ఫోన్‌కి ఇచ్చే బటన్) ఆఫ్. అప్పుడు చెవిలో పడేది బ్రౌజర్‌లో ఆడే ఇంగ్లీషు ఒక్కటే. లైవ్ పంపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో ఆ ఇంగ్లీషును, ఒక్క ప్రోగ్రాం శబ్దాన్నే పట్టే అప్లికేషన్ ఆడియో క్యాప్చర్‌తో తీసుకుని, లాప్‌టాప్ శబ్దమంతా పట్టే డెస్క్‌టాప్ ఆడియోని డిసేబుల్ చేయండి. అది ఆన్‌లో ఉండగా మీ సొంత లైవ్‌ని అదే లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే, మీ తెలుగే కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ ప్రసారంలోకి వెళ్తుంది.

బ్లూటూత్ వద్దు. పాటలు వినేటప్పుడే 100 నుంచి 300 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది. మైకు కూడా వాడితే చాలా ఇయర్‌బడ్స్ హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి దిగి, ఫోను కాల్ నాణ్యతకి పడిపోతాయి. పై ఫ్రీక్వెన్సీలు తెగిపోతే ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినపడతాయి. 15 కిలోలకీ 50 కిలోలకీ తేడా చెరువులో తెలుస్తుంది. తర్జుమా పరికరాల అంతర్జాతీయ ప్రమాణం 125 నుంచి 15,000 హెర్ట్జ్ దాకా వినపడాలని అడుగుతుంది. చెవులు మూసే వైరు హెడ్‌ఫోన్, నోటికి 5 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో మైకు, హాలు స్పీకర్లకి దూరంగా తలుపు వేసుకునే గది ఉండాలి.

వై కేబుల్ విషయంలో సగం నిజం ఉంది. ఒక ఔట్‌పుట్‌ని రెండు చోట్లకి చీల్చడానికి వాడొచ్చు. రెండు ఔట్‌పుట్‌లను ఒక ఇన్‌పుట్‌లో కలపడానికి వాడకూడదు, ఒకదాని మీద ఒకటి లోడ్ అయి శబ్దం నలిగిపోతుంది. కలిపే పని మిక్సర్‌దే. మిక్సర్ ఔట్‌ని నేరుగా ఫోను మైకు పిన్నులోకి పెట్టడం ఇంకో పొరపాటు. అక్కడి నుంచి వచ్చేది వోల్టు చుట్టుపక్కల, ఫోను మైకుకి కావాల్సింది మిల్లీవోల్టులు. మధ్యలో 40 డెసిబెల్స్ తగ్గించే ప్యాడ్ ఉన్న కేబుల్ లేకపోతే గొంతు పగులుతుంది.

ఇంతకన్నా కనిపెట్టడం కష్టమైన తప్పు ఒకటుంది. మిక్సర్ బాలెన్స్‌డ్ ఔట్‌ని (ఒకే శబ్దాన్ని ఒక తీగలో సూటిగా, ఇంకో తీగలో తిరగేసి పంపేది) మామూలు స్టీరియో కేబుల్‌తో లాప్‌టాప్ స్టీరియో ఇన్‌పుట్‌కి కలిపితే, ఒకే గొంతు ఎడమకి సూటిగా, కుడికి తిరగబడి వెళ్తుంది. హెడ్‌ఫోన్‌లో పరీక్షించినవాళ్లకి బాగానే ఉందనిపిస్తుంది. ఒకే స్పీకరున్న ఫోనులో రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుని గొంతు మాయమైపోతుంది. పల్లెలో వినేవాళ్లలో చాలామంది ఫోను స్పీకరు మీదే వింటారు. అందుకే పరీక్ష కూడా ఫోను స్పీకరు మీదే చేయాలి.

లాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే గుయ్‌మని మోత వస్తే ఛార్జర్ తీసి చూడండి. ఆగిందంటే గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ తీగల మధ్య కరెంటు తిరగడం. లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (తీగల సంబంధం తెంచి శబ్దాన్ని మాత్రం దాటించే పెట్టె) పెడితే పోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచే అలవాటు మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇంగ్లీషును సగం చేస్తే రెండు గొంతులూ పోట్లాడుకుంటాయి. తెలుగు కన్నా 15 నుంచి 18 డెసిబెల్స్ కింద ఉంచండి. ఓబీఎస్‌లో ఇంగ్లీషు సోర్స్‌కి కంప్రెసర్ (శబ్దం అణిచే) ఫిల్టర్ పెట్టి, డకింగ్ సోర్స్‌గా (దేని శబ్దం వస్తే తగ్గాలో అది) తర్జుమా మైకుని ఎంచుకుంటే, తెలుగు మొదలవగానే ఇంగ్లీషు దానంతటదే తగ్గుతుంది. రిలీజ్ (తెలుగు ఆగాక ఇంగ్లీషు మళ్లీ లేవడానికి పట్టే సమయం) 800 మిల్లీసెకన్లు పెట్టండి, తక్కువైతే మాటమాటకీ ఇంగ్లీషు పైకి లేస్తుంది.

ఎడమ చెవికి ఇంగ్లీషు, కుడి చెవికి తెలుగు ఇద్దామనే సలహా కూడా ఆ మెసేజ్ కింద కొందరు చేర్చారు. ఒకే స్పీకరున్న ఫోనులో రెండూ కలిసి గందరగోళమే. ఓబీఎస్‌లో ఆరు విడి ఆడియో ట్రాకులున్నా లైవ్‌కి వెళ్లేది మీరు ఎంచుకున్న ఒక్కటే. రెండు భాషలూ కావాలంటే రెండు లైవ్‌లు పెట్టాలి. రికార్డింగులో మాత్రం తర్జుమా గొంతుని విడి ట్రాకులో దాచుకోండి, తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు. అన్నట్టు, ఇతరుల వీడియోని మీ ఛానల్లో మళ్లీ లైవ్ పెట్టాలంటే వాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి, లేకపోతే కాపీరైట్ కింద మధ్యలోనే ఆగిపోవచ్చు.

ఇక ఒక్క మనిషి సంగతి. మన సభల్లో వక్త ఒక వాక్యం చెప్పి ఆగితే పక్కనున్నవారు తర్జుమా చేయడం అలవాటే. వీడియో ఎవరి కోసమూ ఆగదు. వింటూనే మాట్లాడుతూ ఉండాలి, 20, 30 నిమిషాలు దాటితే మాటలు జారతాయి, అంకెలు ముందు జారతాయి. ఇద్దరుండాలి, ఇద్దరికీ హెడ్‌ఫోన్లుండాలి. ఖాళీగా ఉన్నవారు అంకెలూ మందుల పేర్లూ కాగితం మీద రాసి పక్కవారికి చూపించాలి. మైకులు రెండైతే మార్పిడి సమయంలో ఒకటి మ్యూట్ చేసి రెండోది తెరవాలి. ఆ పని మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషిది.

కరెంటు పోతే లాప్‌టాప్ నడుస్తుంది, రౌటర్ ఆగుతుంది. రౌటర్‌నీ మిక్సర్‌నీ యూపీఎస్ మీద పెట్టండి.