‘కేసు సంగతి ఫారంలో రాయొద్దు’ అన్న సలహా వినకండి

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడగానే వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతుంది: "ఎఫ్‌ఐఆర్‌లో పేరెక్కితే సర్కారు కొలువు రాదు. రాజీ పడినా, ఫైన్ కట్టినా కేసు లేనట్టే. అందుకే అటెస్టేషన్ ఫారంలో ‘లేదు’ అని రాసేయండి." (అటెస్టేషన్ ఫారం అంటే మీ వివరాలు, పాత కేసుల సంగతి రాసిచ్చే ఫారం.) చదివి పరీక్ష నెగ్గిన పిల్లలు దీన్ని నమ్మి చేతికొచ్చిన ఉద్యోగం పోగొట్టుకుంటున్నారు.

మొదటి మాటే తప్పు. ఎఫ్‌ఐఆర్ ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం దీని మీద స్పష్టంగా చెప్పింది. కేసు ఎలాంటిదో, ఎలా ముగిసిందో, ఉద్యోగం ఏమిటో అధికారులు చూడాలి. కుర్రతనంలో నినాదాలు చేసిన కేసునూ ఘోర నేరాన్నీ ఒకే గాటన కట్టకూడదు. అయితే నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా కోర్టు అనలేదు. ఆ విచక్షణ అధికారులదే.

‘లేదు’ అని రాయమనడం వీటన్నిటికంటే ప్రమాదం. అభ్యర్థుల గతాన్ని విచారించే పోలీసు విభాగం స్పెషల్ బ్రాంచ్ వాళ్లు మీ ఊరి స్టేషన్‌లో ఆరా తీస్తారు. ఎప్పుడో కొట్టేసిన కేసు కూడా బయటపడుతుంది. అప్పుడు కేసు సంగతి పక్కకుపోయి, దాచారన్నదే అసలు తప్పవుతుంది. చిన్న కేసైతే దాచినా క్షమించవచ్చని అదే తీర్పులో ఉంది గానీ, అది అధికారి దయ, మీ హక్కు కాదు. ఫారంలో ప్రశ్నను నిదానంగా చదవండి. అరెస్టయ్యారా, కేసు నడుస్తోందా, శిక్ష పడిందా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. అడగని విషయం రాయలేదని మిమ్మల్ని తప్పుపట్టడం కుదరదు.

ఇక రాజీ, ఫైన్. రాజీకి వీలున్న కేసులో చట్టప్రకారం రాజీ కుదిరితే అది నిర్దోషిగా విడుదలైనట్టే. ఫైన్ అలా కాదు. డ్రంకెన్ డ్రైవ్‌లో తప్పు ఒప్పుకుని కోర్టులో ఫైన్ కట్టారంటే మీకు శిక్ష పడినట్టే లెక్క. ఈ తేడా తెలియక ఎంతమంది ‘కేసేమీ లేదు’ అని రాస్తున్నారో! రెండింట్లో ఏదైనా సరే, ఫారం అడిగితే రాయాల్సిందే. పెద్దల కేసుల రికార్డును మొత్తంగా చెరిపేసే చట్టం మన దేశంలో లేదు.

పద్దెనిమిదేళ్లలోపు జరిగినవాటికి మాత్రం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆ నేరం వల్ల అనర్హత అంటదు, అప్పీలు గడువు దాటాక రికార్డు కూడా తీసేయాలి. పదహారు దాటినవాళ్లు ఘోర నేరంలో పెద్దలలాగే విచారణ ఎదుర్కొని దోషులుగా తేలితే ఇది వర్తించదు.

కేసు ముగిసినవాళ్లు తీర్పు సర్టిఫైడ్ కాపీ ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఫారంతో పాటు జత చేయండి.