అబ్రేయూకు ఓట్లు ఎందుకు పడవు?

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు టోనీ గ్విన్‌కు 2007లో హాల్ ఆఫ్ ఫేమ్ (విలేకరులు ఓట్లేసి ఎంచే మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా) ఎన్నికలో 97.6 శాతం ఓట్లు పడ్డాయి. 3,141 హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టినవాడు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. 2020లో తొలిసారి బరిలోకి వచ్చిన వెనిజువెలా ఆటగాడు బాబీ అబ్రేయూకు వచ్చింది 5.5 శాతం. 5 శాతం కూడా రాకపోతే పేరే కొట్టేస్తారు, అంచున గట్టెక్కాడు. కానీ హిట్లకు వాక్‌లు (అవేమిటో కింద చెబుతాను) కలిపి చూడండి. గ్విన్‌కు 3,931, అబ్రేయూకు 3,946. ఇద్దరూ బ్యాటింగ్‌కు దిగింది పదివేల పైచిలుకు సార్లే. అందులోనూ అబ్రేయూవే కాస్త తక్కువ.

పిచ్చర్ (బంతి విసిరేవాడు) నాలుగు బంతులు స్ట్రైక్ జోన్ (బంతి సరిగ్గా పడాల్సిన పరిధి) బయట వేసినా బ్యాటర్ ఆశపడి బ్యాటు ఊపకపోతే, ఫస్ట్ బేస్ ఉచితంగా దక్కుతుంది. అదే వాక్. క్రికెట్‌లో వైడ్ ఎక్స్‌ట్రాల ఖాతాలోకి పోయినట్టే, బ్యాటింగ్ సగటు లెక్కలో వాక్‌కు చోటు లేదు. నిజానికి అందులో సగం ఘనత బ్యాటర్ కంటిదీ, ఓపికదీ. అబ్రేయూ 1999 నుంచి 2006 వరకు ఏటా వందకు తగ్గకుండా వాక్‌లు రాబట్టాడు.

హిట్, వాక్ ఒకటి కావు, ఒప్పుకుంటాను. హిట్ పడితే బేస్‌ల మీదున్న వాళ్లు ఎక్కువ దూరం పరుగెత్తగలరు; సగటులో గ్విన్ (.338) ముందు అబ్రేయూ (.291) నిలవడు. కానీ హోమ్ రన్లు గ్విన్‌కు 135, అబ్రేయూకు 288. దొంగిలించిన బేస్‌లు, అంటే హిట్ లేకుండానే పరుగెత్తి చేరుకున్న తర్వాతి బేస్‌లు, 319కి ఎదురుగా 400. గ్విన్ కంటే గొప్పవాడని అనను. 97కీ 5కీ ఉన్నంత తేడా మాత్రం లేదు.

అదృష్టమూ కలిసిరాలేదు. 1997లో కొత్త జట్లు పాత జట్ల నుంచి ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, హ్యూస్టన్ అతన్ని కాపాడుకోకపోతే కొత్త జట్టు టాంపా బే ఎంచుకుని, అదే రోజు కెవిన్ స్టాకర్ అనే ఆటగాడి కోసం ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. 2006లో అతను ఫిలడెల్ఫియా వదిలి న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లాడు; 2008లో ఫిలడెల్ఫియా వరల్డ్ సిరీస్ (లీగ్ టైటిల్ తేల్చే తుది పోరు) గెలిచింది. 2008 సీజన్ ముగిశాక యాంకీస్‌ను వదిలాడు. మరుసటి ఏడాదే వాళ్లూ గెలిచారు. తాను ఒక్క వరల్డ్ సిరీస్ కూడా ఆడలేదు. జనానికి గుర్తున్నది 2005 హోమ్ రన్ డెర్బీలో (హోమ్ రన్లు బాదే ప్రదర్శన పోటీ) బాదిన 41 హోమ్ రన్లు. అతని అసలు ఆటకు దానితో పెద్దగా సంబంధం లేదు!

వాక్‌లకు విలువిచ్చే ఓటర్లు ఇప్పుడు పెరుగుతున్నారు. ఇలాంటి ఆటే ఆడిన టిమ్ రెయిన్స్ 2008లో 24.3 శాతంతో మొదలై, పదో ప్రయత్నంలో, 2017లో గెలిచాడు. కావలసింది 75 శాతం. అబ్రేయూకు ఆరో ప్రయత్నంలో, 2025లో, వచ్చింది 19.5. రెయిన్స్ మొదలుపెట్టిన చోటికి కూడా అప్పటికింకా చేరలేదు. పేరు బరిలో ఉండే పదేళ్ల గడువు 2029తో ముగుస్తుంది.