టయోటా ఇంట్లో మియాటా

అమెరికాలో కొత్తగా అడుగుపెట్టిన తెలుగు కుటుంబం మొదట ఏ కారు కొంటుందో చెప్పడానికి జ్యోతిషం తెలియనక్కర్లేదు. టయోటా కొరోలా, లేకపోతే హోండా సివిక్. పిల్లలు పుట్టాక కామ్రీ, లేకపోతే అకార్డ్. అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తున్నారంటే సియెన్నా, ఒడిస్సీ వ్యాన్లలో ఏదో ఒకటి. మా ఇంట్లో అయితే హోండా మాట కూడా వినపడలేదు. ఇక్కడికి వచ్చిన నాటి నుంచీ అన్నీ టయోటాలే. నార్త్ కరోలినాలోని కేరీలో శ్రీ వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర వాహన పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించిన ప్రతి బండి మీదా అదే గుర్తు. అలాంటి ఇంటి గరాజ్‌లో ఇప్పుడు రెండే సీట్లున్న ఎర్ర మాజ్దా మియాటా ఉంది. అది నాది. యాభై దాటిన ఆడదానికి ఈ బండేమిటని గుడిలోనూ, గృహప్రవేశాల్లోనూ చాలామంది అడిగారు. నిలబడి చెప్పగలిగినంత చిన్న జవాబు కాదు కాబట్టి రాస్తున్నాను.

టయోటా మీద నా నమ్మకం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో మా తరం వాళ్లందరికీ తెలుసు. హెచ్-1 వీసా మీద ఒక్కరి జీతం, ఇంటికి ఒకటే బండి, అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చే చుట్టం ఒక్కరూ లేరు. జనవరి చలిలో హైవే పక్కన బండి ఆగిపోతే చంటిపిల్లతో ఏం చేయాలన్న టెన్షన్‌తోనే మేం కార్లు కొన్నాం. ఆగని బండే మంచి బండి. లక్షన్నర మైళ్లు తిరిగాక అమ్మినా నాలుగు డబ్బులు చేతికి రావాలి. ఎవరినడిగినా అదే సలహా ఇచ్చేవారు, ఆ సలహా సరైనదే. అంతకు ముందు గుంటూరులో మా నాన్నగారు బజాజ్ చేతక్ కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఇంకో కంపెనీ స్కూటరు ముందే దొరుకుతుందన్నా ఆయన అటు చూడలేదు. నమ్మిన కంపెనీని పట్టుకుని ఉండడం మాకు ఇంటి నుంచే వచ్చింది.

అయితే ఇన్నేళ్లలో బండి గురించి మేం ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటి ఉంది: దీన్ని నడుపుతుంటే ఎలా ఉంది? నేను డ్రైవింగ్ నేర్చుకుందే ఇక్కడ, హెచ్-4 మీద, అంటే హెచ్-1 వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద ఉన్న రోజుల్లో. 2015లో హెచ్-4 వాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది, నేను వచ్చినప్పుడు అదీ లేదు. స్టీరింగ్ పట్టుకున్నానంటే ఎవరినో ఒకరిని ఎక్కడో దింపడానికే. బడి, కూచిపూడి క్లాసు, ఇండియన్ స్టోర్, ఎయిర్‌పోర్ట్. డ్రైవింగ్ అంటే నాకు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు కడగడం లాంటిదే అదీను. నాతోటి ఆడవాళ్లలో చాలామందికి ఇప్పటికీ అంతే.

ఈ పరిస్థితి మారింది మా అన్నయ్య కొడుకు వల్ల. ఎమ్మెస్‌కి వచ్చాడు, క్యాంపస్ ఉద్యోగం దొరికింది, సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొంటానన్నాడు. 2018 మోడల్, 460 హార్స్‌పవర్. వాడి తల్లిదండ్రులు హైదరాబాద్‌లో ఉన్నారు. ఇక్కడ పెద్దదిక్కు నేనే కాబట్టి వెంట వెళ్లాను. మస్టాంగ్ నడిపి చూశాడు. వాడి కాలు యాక్సిలరేటర్ మీద కాస్త ఆనగానే పక్కన నా వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆ బండి తన బలంలో పిసరంత కూడా చూపించకముందే 45 మైళ్ల లిమిట్ దాటేశాం. వాడి ముఖం వెలిగిపోతోంది, నాకు గుండెలు గుబగుబలాడుతున్నాయి.

మస్టాంగ్ పక్కనే మియాటా ఉంది. ఇది కూడా ఒకసారి చూద్దాం అత్తా అని టాప్ వెనక్కి మడిచాడు. స్విచ్ లేదు, మోటారు లేదు. అద్దం దగ్గరున్న కొక్కెం తీసి ఒంటి చేత్తో వెనక్కి తోయడమే. అదే రోడ్డు, వేగం ముప్పై అయిదో నలభయ్యో. వాడు సెకండ్ నుంచి థర్డ్‌లోకి మార్చి మలుపులో స్టీరింగ్ కొద్దిగా తిప్పగానే, ముందు చక్రాలు ఎటు చూస్తున్నాయో పక్క సీట్లో కూర్చున్న నాకే తెలిసింది. రోడ్డు గరుకు తెలిసింది. పక్క చెట్ల నీడలోకి వెళ్లినప్పుడు గాలి చల్లబడడం తెలిసింది. సియెన్నాలో వేల మైళ్లు తిరిగాను, రోడ్డు ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. చివరికి వాడు కొరోలా కొన్నాడు, మియాటా నేను కొన్నాను.

క్లచ్ నేర్పింది కూడా వాడే, ఆదివారం ఖాళీగా ఉండే ఆఫీసు పార్కింగ్ లాట్‌లో. "క్లచ్ ఒక్కసారిగా వదలకత్తా, మెల్లగా పైకి రానివ్వు. ఎక్కడ పట్టుకుంటుందో బండే చెప్తుంది" అనేవాడు. చెప్పింది కూడా. ఈ బండిలో గేర్ రాడ్ పొట్టిగా ఉంటుంది, మణికట్టు తిప్పితే చాలు, టక్కున పడుతుంది. గేరు సరిగ్గా పడిన ప్రతిసారీ కలిగే తృప్తి ఆటోమేటిక్ బండిలో నాకు ఎన్నడూ కలగలేదు. గుంటూరు వీధుల్లో నేను నడిపింది గేర్లు లేని లూనా. మా అన్నయ్య చేతక్ మీద ఎడమచెయ్యి తిప్పి గేర్లు మారుస్తుంటే వెనక కూర్చుని చూసేదాన్ని. ఆ పని నా చేతికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఈ బండి పుట్టుక తెలుసుకున్నాక దాని మీద గౌరవం ఇంకా పెరిగింది. 1970ల చివరికి ఇంగ్లండ్‌లో ఎంజీ, ట్రయంఫ్ లాంటి, టాప్ తీయగలిగే చిన్న కార్ల కాలం అయిపోవచ్చింది. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటో జర్నలిస్టు మాజ్దా పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోటోతో మాట్లాడుతూ, మీరు అలాంటి తేలికైన చవక స్పోర్ట్స్ కారు ఎందుకు చేయకూడదని అడిగాడు. యమమోటో ఆ మాట మరిచిపోలేదు. హాల్ తర్వాత మాజ్దాలోనే చేరాడు. ఇంజన్ ఎక్కడ పెట్టాలి, ఏ చక్రాలు తిప్పాలి అన్న విషయంలో కంపెనీలోనే జపాన్ బృందానికీ కాలిఫోర్నియా బృందానికీ పోటీ జరిగింది. ముందు ఇంజన్, వెనక చక్రాలకు శక్తి అన్న కాలిఫోర్నియా వాళ్ల పాత పద్ధతే గెలిచింది. 1985లో నమూనా బండిని శాంటా బార్బరా వీధుల్లో తిప్పితే జనం వెంటపడి ఇదేం కారని అడిగారట. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దాన్ని బయటపెట్టారు. 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్, ధర 13,800 డాలర్లు. బరువు ముందూ వెనకా సమంగా ఉండాలని బ్యాటరీని తీసుకెళ్లి వెనక డిక్కీలో పెట్టారు. బానెట్ అల్యూమినియంతో చేశారు. ఆ ప్రాజెక్టును నడిపిన తోషిహికో హిరాయి బృందం పెట్టుకున్న లక్ష్యం ఒకటే: గుర్రం, రౌతు ఒక ప్రాణంలా కదిలినట్టు బండి, మనిషి కదలాలి. పది లక్షలవ మియాటా 2016 ఏప్రిల్‌లో హిరోషిమాలో తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైనది ఇదేనని గిన్నిస్ రికార్డు కూడా ఉంది.

స్పోర్ట్స్ కారే కావాలంటే టయోటాలోనే జీఆర్86 ఉంది కదా, సుప్రా ఉంది కదా అని మా ఆయనే అడిగారు. కంపెనీ మీద అభిమానంతో అడిగారు, న్యాయమైన ప్రశ్నే. నేను వెళ్లి ఆ రెండూ చూశాను. జీఆర్86 మంచి బండి, 228 హార్స్‌పవర్, దాన్ని నిందించను. కానీ అది సుబారుతో కలిసి చేసింది, తయారయ్యేది జపాన్‌లో గున్మాలోని సుబారు ఫ్యాక్టరీలో. 2019లో తిరిగి వచ్చిన సుప్రా ఇంజన్ బీఎండబ్ల్యూది, అది తయారైంది ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో. మరోవైపు చూస్తే, టయోటా పేరుతో ఇక్కడ అమ్మిన యారిస్ సెడాన్‌ను మెక్సికోలోని సాలమాంకా ఫ్యాక్టరీలో చేసి ఇచ్చింది మాజ్దా. 2017లో టయోటా, మాజ్దా చేతులు కలిపాయి. టయోటాకు మాజ్దాలో సుమారు 5 శాతం వాటా ఉంది, అలబామాలోని హంట్స్‌విల్‌లో ఇద్దరికీ కలిపి ఒక ఫ్యాక్టరీ ఉంది, అందులో ఒక వైపు టయోటా కొరోలా క్రాస్ వస్తుంది, ఇంకో వైపు మాజ్దా సీఎక్స్-50 వస్తుంది. మనం ఇళ్లలో కులగోత్రాల్లా పట్టించుకునే ఈ కంపెనీల హద్దుల మీద ఆ కంపెనీలకే అంత పట్టింపు లేదు. కాబట్టి ముక్కు మీద గుర్తు చూసి ఊరుకోకుండా, ఏ బండికి ఆ బండిని నడిపి చూసి తేల్చుకోవాలి. కుటుంబం బండి కొనేటప్పుడు నేను ఇప్పటికీ టయోటాకే వెళ్తాను. అక్కడ నాకు కావలసింది నమ్మకం. ఆనందం కోసం కొనేదాన్ని ఆ లెక్కలో కలపకూడదు.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం మన పిల్లలు. మన వాట్సాప్ గ్రూపుల్లో రోడ్డు ప్రమాదంలో తెలుగు విద్యార్థి పోయాడన్న వార్త, శవాన్ని ఇంటికి పంపడానికి విరాళాలు అడిగే లింకు ఎంత తరచుగా వస్తున్నాయో మీకు తెలుసు. ప్రతి ప్రమాదానికీ వేగమే కారణమని నేను అనను. అయినా ఇరవై మూడేళ్ల పిల్లాడు, ఈ దేశపు రోడ్లు కొత్త, చేతిలో నాలుగు వందల హార్స్‌పవర్ అంటే నాకు నిద్ర పట్టదు. వద్దు అంటే వాళ్లు వినరు. ఆ వయసులో బండి మీద మోజు తప్పూ కాదు. ఆ మోజును హార్స్‌పవర్ అంకెతో కొలవడమే నాకు నచ్చదు.

ఈ అంకెలు చూడండి. ఇప్పటి మియాటాకు 181 హార్స్‌పవర్. 2025 నుంచి పూర్తిగా హైబ్రిడ్ అయిన కామ్రీకి 225. అంటే మనం పెద్దవాళ్ల బండి అనుకునే కామ్రీకే బలం ఎక్కువ. మరి మియాటాలో ఉన్నదేమిటంటే బరువు తక్కువ, సుమారు 2,350 పౌండ్లు. సియెన్నా దానికి రెట్టింపు. బరువు తక్కువైతే బ్రేకు వేస్తే తొందరగా ఆగుతుంది, మలుపులో చెప్పినట్టు వింటుంది, మరీ ముఖ్యంగా నెమ్మదిగా వెళ్తున్నా బండి నడుపుతున్నామని తెలుస్తుంది. మస్టాంగ్‌లో మజా రావాలంటే చట్టం దాటాలి. మియాటాలో 40 మైళ్ల దగ్గరే వస్తుంది.

బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీద దీన్ని నడిపిన రోజున నాకు ఇది బాగా అర్థమైంది. 469 మైళ్ల ఆ రోడ్డు మీద లారీలు ఉండవు, ఎక్కడా 45 దాటకూడదు. గ్రాండ్‌ఫాదర్ పర్వతం చుట్టూ కట్టిన లిన్ కోవ్ వయాడక్ట్ మీద, కొండను తాకకుండా గాలిలో మెలికలు తిరిగే వంతెన అది, థర్డ్ గేర్‌లో వెళ్తూ ఒక్కసారి కూడా ఇంకా వేగంగా పోవాలనిపించలేదు. వెనక ఎవరైనా తొందరపడితే పక్కకు ఆపి దారి ఇచ్చాను. ఆ రోజు మేం ఎవరినీ ఎక్కడా దింపలేదు. పక్కన మా అత్తగారు ఉన్నారు. కొప్పు చుట్టూ స్కార్ఫ్ కట్టుకుని, "కొండగాలి తిరుమల ఘాట్‌లో కూడా ఇంత తగల్లేదే" అన్నారు.

లోపాలు దాచను. సామానుకు చోటు లేదు, రెండు చిన్న సూట్‌కేసులు పడితే గొప్ప. డ్యాష్‌బోర్డు కింద అర కూడా లేదు, ఇన్సూరెన్స్ కాగితాలు సీట్ల మధ్య పెట్టుకోవాలి. స్టెప్నీ లేదు, టైరులో గాలి పోతే మందు పోసి గాలి కొట్టుకునే కిట్ ఇస్తారు. ఆరడుగులు దాటిన వాళ్లకు ఇరుకు. చీరతో ఎక్కడం కుదరదంటారు, కుదురుతుంది. ముందు కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. పెద్ద పెద్ద పికప్‌ల మధ్య ఇది కంటికి ఆనదు, అందుకని రద్దీ వేళ ఐ-40 హైవే మీదికి నేను దీన్ని తీసుకెళ్లను. ఒకటే బండి ఉండగల ఇంటికి ఇది వద్దు. రెండో బండో, మూడో బండో కొనే స్తోమత వచ్చాక మన వాళ్లు వెళ్లేది డెబ్బై, ఎనభై వేల డాలర్ల ఎస్‌యూవీల వైపు. కొత్త మియాటా ధర 30 వేల దగ్గర మొదలవుతుంది. ఒకసారి దాన్ని కూడా నడిపి చూడమని అడుగుతున్నాను.

మన సంఘానికి ఒక విన్నపం. ప్రతి ఆగస్టులో కొత్త విద్యార్థులకు బ్యాంకు ఖాతా, ఫోన్, అపార్ట్‌మెంట్ గురించి చెప్తాం. డ్రైవింగ్ గురించి లైసెన్సు పరీక్ష వరకే చెప్తాం. ఈసారి ఒక పూట మంచి డ్రైవింగ్ స్కూలు వాళ్లను పిలిపించి, ఖాళీ లాట్‌లో తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఎక్కడ ఆగుతుందో, మలుపులో వేగం ఎక్కువైతే ఏమవుతుందో పిల్లల చేతే చేయించి చూపిద్దాం. క్లచ్ నేర్చుకోవాలనుకునే వాళ్లకు నా మియాటా ఇస్తాను, పక్కన నేనే కూర్చుంటాను. ఇళ్లలో డ్రైవింగ్ అంటే చాకిరీగా మిగిలిపోయిన అక్కచెల్లెళ్లు కూడా రావాలి. ఆగస్టు దాకా ఆగనక్కర్లేదు, ముందే ఫోన్ చేయండి.