విగ్రహం చూస్తే మతం మారిపోతుందా?

2024 ఏప్రిల్ 16న మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేటలో ఒక కాథలిక్ బడి మీదికి మూక వచ్చి పడింది. గొడవ మొదలైంది హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చిన పిల్లల విషయంలో. రాళ్లు తగిలింది మాత్రం మదర్ థెరిసా విగ్రహానికి. 1980లో ఈ దేశం భారతరత్న ఇచ్చి గౌరవించుకున్న తల్లి ఆమె. బట్టల తగాదాకూ ఆమెకూ ఏం సంబంధం?

అంతకు రెండు నెలల ముందు అస్సాంలో ఒక సంస్థ క్రైస్తవ బడులకు 15 రోజుల గడువు పెట్టింది. యేసు, మరియమ్మ విగ్రహాలు, శిలువలు తీసేయాలట. ఫాదర్లు, సిస్టర్లు అంగీలతో బడికి రాకూడదట.

బడిలో ఈ విగ్రహాలు చూస్తే పసి మనసుల మీద ప్రభావం పడదా అని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. దీక్షలో ఉన్న పిల్లవాణ్ణి ఏ బడైనా సరే లోపలికి రానివ్వాల్సిందే. ఇష్టం లేని బిడ్డ చేత ప్రార్థన చేయించడమూ తప్పే. రాజ్యాంగం 28(3) అధికరణ అడ్డుకునేది ఆ బలవంతాన్నే. సమ్మతి లేకుండా మత బోధకు కూర్చోబెట్టవద్దంటుందే గానీ, ఆవరణలో ఏ బొమ్మ ఉండాలో చెప్పదు. తమ బడి తాము నడుపుకునే హక్కును 30వ అధికరణ మైనారిటీలకు ఇచ్చింది. తమ బడి అన్నాక తమ తల్లి రూపం పెట్టుకోరా?

విగ్రహం చూసినంత మాత్రాన మతం మారదంటే నమ్మకం కుదరకపోతే విజయవాడ గుణదల వెళ్లి చూడండి. 1924లో ఆర్లాటి అనే ఫాదర్ అక్కడి అనాథ బాలల ఆశ్రమంలో మరియమ్మ విగ్రహం పెట్టారు. ఇవాళ్టి గుణదల మేరీమాత కథ అక్కడే మొదలైంది. ఫిబ్రవరి తిరునాళ్లలో కొవ్వొత్తి పట్టుకున్నవాళ్ల పక్కనే కొబ్బరికాయ పట్టుకున్నవాళ్లూ కొండెక్కుతారు. తలనీలాలిస్తారు, మొక్కు తీర్చుకుంటారు. బొట్టు చెరుపుకుని రమ్మని ఎవరూ అడగరు. వందేళ్లుగా ఆ తల్లిని చూస్తున్న బెజవాడలో దసరాకు ఇంద్రకీలాద్రి క్యూలు తగ్గాయా? ఒక్క అంగుళం తగ్గలేదు. దండం పెట్టేవాడు పెడతాడు, పెట్టనివాడు పక్కనుంచి నడిచిపోతాడు. తెలుగు నేల మీద మనం బతికిన తీరు ఇది.

అసలు మన మాటలోనే ఈ రుణం ఉంది. ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా మనకు కాన్వెంటే. వీధి చివర సరస్వతీదేవి పేరు పెట్టుకున్న బడినీ కాన్వెంటనే పిలుస్తాం. కాన్వెంటంటే సిస్టర్లు ఉండే మఠం. వాళ్లు నడిపిన బడుల మంచిపేరు ఎంతగా పాకిందంటే, ఆ ఊసే లేని బడులూ అదే పేరుతో పిల్లల్ని చేర్చుకున్నాయి. జూన్ వస్తే సీటు కోసం సిఫార్సు ఉత్తరాలతో ఆ ఫాదర్ల గది ముందు నిలబడేదీ మనమే. వాళ్ల చదువు కావాలి, క్రమశిక్షణ కావాలి, వాళ్ల దేవుడు మాత్రం గోడ మీద కనిపించకూడదంటే అది కృతఘ్నత.

బడి మీద కోపం ఉంటే ఎంఈఓ ఉన్నారు, డీఈఓ ఉన్నారు, సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది. దీక్ష బట్టల మీద ఫిర్యాదు రాసివ్వడానికి ఒక తెల్లకాగితం చాలు.